సొరంగంలో ‘ఫర్వాలేదండీ’

ముప్పై నాలుగేళ్లకే వృత్తి అనుభవాలు రాస్తున్నానని తెలిసి మా బావ నవ్వాడు. "అవి అరవై దాటాక రాసేవి కదరా" అన్నాడు. నిజమే. కానీ నా ఉద్యోగం వయసు వల్ల ఆగలేదు. గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చి, మెడ ఎముక కింద పేస్‌మేకర్ పెట్టారు. ఎంఆర్ఐ గది తలుపు మీద లోపలికి రాకూడనివాళ్ల జాబితా ఒకటి ఉంటుంది. మా సెంటర్లో దాన్ని టైపు చేసి అంటించింది నేనే. మొదటి వరసలో ఉన్నది పేస్‌మేకర్. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజునుంచి నేను ఆ తలుపుకి బయటి మనిషిని.

ఏలూరులో ఎంఆర్ఐ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి కొత్తగా మెషీన్ నడిపే కన్సోల్ ముందు కూర్చుంటున్నవాళ్లు ఫోన్ చేసి "అన్నా, ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. మెషీన్ సంగతి కంపెనీవాళ్లు నేర్పుతారు. ఏ భాగానికి ఏ కాయిల్, ఏ జబ్బుకి ఏ సీక్వెన్స్, అంటే ఏ వరస బొమ్మలు తీయాలి, అవన్నీ కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. ఆ మెషీన్లో పడుకున్న ఒంటి గురించి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. నాకు అది ఒక మధ్యాహ్నం తెలిసింది.

ఒంట్లో లాకులు

"ఎంఆర్ఐలో ఎక్స్‌రే ఉండదండీ, భయం లేదు" అని మనం ప్రతి పేషెంటుకీ చెప్తాం. ఎక్స్‌రే ఉండదన్నది నిజం. భయం లేదన్నది మన చేతిలో ఉన్న పని.

పేషెంటుని పడుకోబెట్టి పంపే ఆ సొరంగంలో పెద్ద అయస్కాంతంతోపాటు రేడియో తరంగాలు ఉంటాయి. ఎఫ్ఎం రేడియో స్టేషన్లు వాడే తరంగాలకి దగ్గరి చుట్టాలే అవి. బొమ్మ రావాలంటే వాటిని ఒంట్లోకి పంపాలి. పంపినదాంట్లో చాలావరకు ఒంట్లోనే వేడిగా మారుతుంది. ఇది మెషీన్ లోపం కాదు, ఆ పని జరిగే పద్ధతే అంత.

ఎండ చర్మం మీద పడుతుంది, చర్మం వెంటనే చెప్తుంది, మనం నీడకి జరుగుతాం. రేడియో తరంగం అలా కాదు. చర్మం దాటి కండలోకి వెళ్లి అక్కడ వేడి పుట్టిస్తుంది. వేడిని పసిగట్టే నరాలేమో ఎక్కువగా చర్మంలో ఉన్నాయి. అంటే కబురు ఆలస్యంగా అందుతుంది.

అందాక ఒళ్లు ఏం చేస్తుంది? మెదడు అడుగున ఉండే చిన్న భాగం ఒకటి రక్తం వేడిని ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. వేడి పెరిగిందంటే చర్మం కింది సన్నటి రక్తనాళాలు తెరిపిస్తుంది. ఉంగుటూరు వైపు కాలవ మీద లాకులు ఎత్తగానే నీళ్లు చేలల్లోకి ఎలా పరుగెడతాయో, రక్తం అలా లోపలి వేడిని మోసుకుని చర్మానికి పరుగెడుతుంది. అక్కడ చెమట పడుతుంది. ఆ చెమట ఆరితేనే చల్లబడతాం, పట్టినంత మాత్రాన కాదు. ఆరాలంటే గాలి కావాలి. అందుకే సొరంగంలో చిన్న ఫ్యాను పెట్టారు. అది పేషెంటు సరదా కోసం పెట్టింది కాదు.

లాకులు సరిగ్గా ఎత్తుకోనివాళ్లు ఉంటారు. ముసలివాళ్లు, షుగరు ముదిరినవాళ్లు, కొన్ని రకాల గుండె మాత్రలు వేసుకునేవాళ్లు, ఒంట్లో నీరు తగ్గినవాళ్లు. ఈ జాబితా నాకు చదువుకునే రోజులనుంచీ కంఠతా వచ్చు. ఇందులో ఇంకొకరు ఉండాలని మాత్రం తర్వాతే తెలిసింది.

మెషీన్‌కి ఒంటి సంగతి తెలియదు. దానికి తెలిసింది మనం టైపు కొట్టే బరువు ఒక్కటే. కిలోకి ఇంత శక్తి దాటకూడదని లెక్క కట్టుకుని, దాటబోతే ఆగి మనల్ని అడుగుతుంది. ఆ బరువు అబద్ధమైతే తర్వాతి లెక్కంతా అబద్ధమే.

మా నాన్నగారు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఓ కమీషన్ కొట్లో పనిచేసేవారు. లారీ రాగానే అందరూ బస్తా పైన చూస్తుంటే, ఆయన కుట్టు విప్పి మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టేవారు. "పైన ఎప్పుడూ చల్లగానే ఉంటుందిరా. నడుమ వేడెక్కిందంటే రేపటికి సరుకు కుళ్లినట్టే" అనేవారు. నాకు అప్పట్లో ఆ వాసన మీద తప్ప దేనిమీదా ధ్యాస లేదు.

చలపతి గారు

నేను ఏలూరు సెంటర్లో చేరేసరికి చలపతి గారు అక్కడ సీనియర్ టెక్నాలజిస్టు. చేతిపని అంటే ఆయనదే. పసిపిల్లలకైనా, ఒళ్లు వాచినవాళ్లకైనా ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకునేవారు. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని రెండు దిళ్లు, ఒక మాటతో కదలకుండా పడుకోబెట్టేవారు. ఆ విద్య నాకు ఆయనే నేర్పారు.

నేనేమో ప్రతిదానికీ జాబితా రాసుకునేవాణ్ణి. తలుపు దాటేముందు అడగాల్సినవి, తీయించాల్సినవి, చూసుకోవాల్సినవి. ఆయన నాకు ‘లిస్టు మాస్టారు’ అని పేరు పెట్టారు. "ఏమయ్యా లిస్టు మాస్టారూ, టీ తాగడానికి కూడా లిస్టుందా? ముందు గ్లాసు పట్టుకోవాలా, ముందు నోరు తెరవాలా?" అని అందరి ముందూ ఏడిపించేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఆయనకి ఉన్న ఒకే తొందర జనం. కొల్లేరు లంకలనుంచి, కామవరపుకోట మెట్ట ఊళ్లనుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చి వరండాలో కూర్చునేవాళ్లు. సాయంత్రం బస్సు తప్పితే ఆ రాత్రి ఆ బెంచీల మీదే. ఏ ఒక్కరినీ రేపు రమ్మనడం ఆయనకి ఇష్టం ఉండదు. ఇది ఆయనలో మంచి గుణం. ఆ మధ్యాహ్నం జరిగినదానికి ఈ మంచి గుణమే కారణం కూడా.

ఎనభై ఐదు కిలోల పాదాలు

రోహిణి కార్తె. నేను చేరి కొద్ది వారాలే అయింది. గూడెం నుంచి పాసింజర్లో వచ్చి మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాను. వరండాలో జనం ఎక్స్‌రే కవర్లతో విసురుకుంటున్నారు. కన్సోల్ గదిలో చలపతి గారు టీ తాగుతున్నారు. లోపల స్కాన్ నడుస్తోంది.

"ఎవరు సార్?"

"మంగమ్మ గారని, కొల్లేరు వైపు. రొయ్యల షెడ్డులో తొక్క తీసే పని. షుగరుంది. వారంనుంచి నడుం నొప్పి, జ్వరం. ఇప్పుడు కాళ్లు పట్టు తప్పుతున్నాయంట. వెన్నులో చీము పట్టిందేమోనని డాక్టరు గారు మొత్తం వెన్నంతా తీయమన్నారు."

అద్దంలోంచి చూశాను. సొరంగంలో ఉన్నవాళ్లవి మనకి కనిపించేది పాదాలే. ఆ పాదాలు ఎండుపుల్లల్లా ఉన్నాయి. చీలమండ నా మణికట్టంత కూడా లేదు. మెట్టెలు తీయించిన చోట తెల్లటి గీతలు పడి ఉన్నాయి.

స్క్రీన్ మూల చూశాను. బరువు: 85.

మళ్లీ పాదాలు చూశాను. మళ్లీ స్క్రీన్ చూశాను. వేరే పేషెంటు పేరు తెరిచారేమో అనుకున్నాను. పేరు మంగమ్మ గారిదే.

"సార్, ఈవిడ ఎనభై ఐదా?"

"నలభై రెండు" అన్నారాయన, గ్లాసులోకి ఊదుకుంటూ. "నలభై రెండు కొడితే లిమిట్ దాటిందని ఆపేస్తోందయ్యా. ప్రతి సీక్వెన్సునీ సాగదీస్తోంది. బయట జనాన్ని చూశావుగా? బరువు పెంచేస్తే నోరుమూసుకుని పరిగెడుతుంది. ఇది నీ లిస్టులో లేదు కదా? రాసుకో."

కుక్కర్‌కి ఎన్ని కూతలో చెప్పినంత మామూలుగా చెప్పారు. మెషీన్ తన ముందు ఉన్నదనుకుంటున్న మనిషిలో సగం మనిషి అక్కడ ఉంది. ఇద్దరి మీద పంచాల్సిన వేడిని ఆ ఒక్క ఒంటి మీద దింపుతోంది.

"జ్వరం అన్నారు... ఇప్పుడూ ఉందా సార్?"

"వణికిపోతోంది పాపం. వాళ్లాయన చేతిలో దుప్పటి ఉంటే తీసుకుని మెడ దాకా కప్పాను. ఏసీకి ఇంకా చలేస్తుందని ఫ్యాను కూడా ఆపాను."

నేను జాబితాలో రాసుకోని మనిషి ఎవరో అప్పుడు తట్టింది. చలిజ్వరం వచ్చినవాళ్లు ఎందుకు వణుకుతారు? ఒళ్లు చల్లబడి కాదు. ఉండాల్సిన వేడి ఇంకా ఎక్కువని మెదడు పొరబడుతుంది. అక్కడికి చేరాలని లాకులన్నీ దించేస్తుంది, చెమట ఆపేస్తుంది, కండల్ని వణికించి మరీ వేడి పుట్టిస్తుంది. బయటికి పోయే దారులన్నీ మూసుకున్న ఒంట్లోకి మేం రెట్టింపు వేడి పంపుతున్నాం. పైన దుప్పటి. గాలి లేదు. ఇందులో సగం మా తొందర, సగం మా జాలి.

స్టాప్ నొక్కాను.

"ఎవరయ్యా ఆపమంది!" అని చలపతి గారు లేచారు. అప్పటికే నేను తలుపు తీశాను.

దుప్పటి తీస్తే

బల్ల బయటికి లాగాను. మంగమ్మ గారు కళ్లు మూసుకుని ఉన్నారు. ముఖం ఎర్రగా కందిపోయింది. దుప్పటి కిందనుంచి మెడ వెనక చెయ్యి పెట్టాను. అది మనిషి ఒళ్లులా లేదు. నాన్నగారు చెయ్యి పెట్టగానే బస్తా పక్కన పడేయమనే వేడి అది.

దుప్పటి లాగేశాను. ఆవిడ రెండు చేతులూ గుండెల మీద నమస్కారం పెట్టి ఉన్నాయి. మెషీన్ శబ్దం మొదలవగానే భయపడి దేవుడికి దణ్ణం పెట్టుకున్నారట. దణ్ణం పెట్టడానికి అడ్డమని, చేతికిచ్చిన రబ్బరు బంతిని పక్కన పెట్టేశారు. ఏదైనా ఇబ్బందైతే నొక్కమని ఇచ్చే బంతి అది. నొక్కితే బయట గంట మోగుతుంది.

"అయిపోయిందా బాబూ?" అన్నారు నీరసంగా.

చేతులు మెల్లగా విడదీశాను. రెండు బొటనవేళ్లకీ, చూపుడువేళ్ల కొసలకీ బొబ్బలు లేచాయి.

మీరు ఇది చదువుతూ ఒకసారి చేతులు జోడించి చూడండి. ఒక భుజంనుంచి చెయ్యి, జోడించిన వేళ్లు, ఇంకో చెయ్యి, ఇంకో భుజం, ఛాతీ. అదొక పెద్ద కడియం. రేడియో తరంగాల మధ్య అలాంటి కడియం ఏర్పడితే అందులో కరెంటు తిరుగుతుంది. మన ఒంట్లో ఉన్నది ఉప్పునీరే కదా, దారి ఇస్తుంది. ఇరుకు ఎక్కడంటే వేళ్ల కొసలు తాకే చోట. అక్కడ కాలుస్తుంది. చేతులు పక్కకి పెట్టి మధ్యలో మెత్త ఉంచమని అందుకే చెప్తారు. చలపతి గారు పక్కకే పెట్టించారు. ఆవిడ మళ్లీ జోడిస్తుందని ఎవరికి తోస్తుంది?

"కాలడం తెలియలేదా అండీ?" అన్నాను.

"చురుక్కుమందండి."

"మరి పిలవలేదేం? చేతులు తీసేయలేదేం?"

"కదలకూడదన్నారు కదా బాబూ. కదిలితే మళ్లీ మొదట్నుంచీ తియ్యాలన్నారు. బయట అంతమంది కూర్చున్నారు..."

ఇన్నేళ్లలో ఇంతకంటే నన్ను కుదిపేసిన మాట ఇంకోటి లేదు. కదలకూడదని మనం రోజూ ఎంత గట్టిగా చెప్తామో చూడండి. ఆవిడ మన మాట అక్షరాలా విన్నారు. వింటూ కాలిపోయారు. ఆ వేళ్లే ఆవిడ కూడు. రొయ్య తొక్క గోటితో గిల్లి లాగే పని అది.

చలపతి గారు నా వెనకే వచ్చి ఆ వేళ్లు చూశారు. డాక్టరు గారు పరుగున వచ్చి జ్వరం చూస్తే నూట నాలుగు దగ్గర ఉంది. వచ్చినప్పుడు నూట ఒకటి. ఆ తేడాలో జ్వరం తనంతట తాను పెరిగిందెంత, మేం ఎక్కించిందెంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. చెప్పలేరన్నది నాకు ఊరట కాదు, భయం.

తడిగుడ్డలతో ఒళ్లంతా తుడిచి, కాలిన వేళ్లకి కట్టు కట్టాం. ఫ్యాను పెట్టాం. సెలైన్ ఎక్కించాలి. నరం కోసం చలపతి గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఎంతటివాళ్లకైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకునే ఆయనకి ఆ రోజు మొదటి పోటుకి దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. మూడో పోటుకి దొరికింది.

"అబ్బే, ఏం లేదండి"

జ్వరం కాస్త దిగాక డాక్టరు గారు అసలు సంగతి చెప్పారు. స్కాన్ సగంలో ఆగింది. ఆవిడ కుడికాలు పొద్దుటికంటే బలహీనంగా ఉంది. లోపల నిజంగా చీము ఉండి వెన్నుపాముని నొక్కుతుంటే, ఆలస్యం చేసిన కొద్దీ కాళ్లు తిరిగి రాకపోవచ్చు. చీము ఎక్కడుందో తెలియకుండా ఏ సర్జనూ కత్తి పట్టడు. అంటే ఆవిడ మళ్లీ అదే సొరంగంలోకి వెళ్లాలి.

వాళ్లాయన వీర్రాజు గారు బయట నిలబడి ఉన్నారు. చేపల చెరువు మీద కాపలా పని. జరిగిందంతా డాక్టరు గారు దాచకుండా చెప్పారు. ఆయన ఖాళీ దుప్పటిని మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నారు.

"నా పెళ్లాన్ని కాల్చి, మళ్లీ అందులోనే పెడతానంటారేంటండీ?" అన్నారు. గొంతు పెద్దది చేయలేదు. ఆ ‘అండీ’ కూడా వదల్లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మీరూ లోపలికి రండి" అన్నాను. "ఆవిడ పాదం పట్టుకుని కూర్చోండి. మీరు ఆపమంటే ఆపేస్తాను."

మొలతాడుకి కట్టిన తాళంచెవి, జేబులో చిల్లర, బీడీల కట్టలో ఇరుక్కున్న పిన్నీసు, అన్నీ తీయించి లోపల స్టూలు మీద కూర్చోబెట్టాను. బరువు నలభై రెండు కొట్టాను. మెషీన్ ఆగి అడిగిన ప్రతిసారీ అది చెప్పినట్టే తరంగాల మధ్య ఎడం పెంచాను. ఫ్యాను పూర్తిగా పెట్టాను. చేతులు పక్కకి, మధ్యలో మెత్తలు. బంతిని కట్టు కట్టని వేళ్ల మధ్య, అరచేతిలో ఉంచాను. చలపతి గారు వరండాలోకి వెళ్లి "ఈ రోజు ఆలస్యమవుతుందండీ, బస్సు తప్పితే నాదే పూచీ" అని అందరికీ చెప్పి వచ్చారు. ఎవరో గొణిగారు.

ఒక్కో సీక్వెన్స్ అయ్యాక లోపలికి వెళ్లి మెడ వెనక చెయ్యి పెట్టి చూశాను.

"వేడిగా ఉందా అండీ?"

"అబ్బే, ఏం లేదండి."

మెడ వెనక నా చెయ్యి తడిసిపోయింది. అది మంచిదే, లాకులు తెరుచుకున్నాయి. కానీ అంత చెమటలో ఉండి వేడి లేదంటోంది! వేళ్లు కాలిన మనిషి, గంట కింద కాలిన మనిషి, మళ్లీ అదే మాట! ఇంక ఎలా అడగాలి?

స్టూలు మీద నుంచి వీర్రాజు గారు చిన్నగా నవ్వారు. ఆ రోజంతట్లో ఆయన నవ్వింది అప్పుడే.

"అదంతేనండి. పెద్దోడు పుట్టినప్పుడు మంత్రసాని నొప్పులొస్తున్నాయా అంటే కూడా ఫర్వాలేదండీ అంది. ఉందా అని అడక్కండి, లేదనే అంటది. ఎక్కడా అని అడగండి."

"మంగమ్మ గారూ, ఎక్కడ వేడిగా ఉంది?"

"నడుం కిందండి" అన్నారావిడ వెంటనే. "ఎడమ మోచెయ్యి గోడకి ఆనిన చోట కూడానండి. చురచురమంటోంది."

మోచేతికి, సొరంగం గోడకి మధ్య ఇంకో మెత్త పెట్టాను. కాసేపు ఆగాం. చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టాం. అలా ఆగుతూ, తడుముతూ, అడుగుతూ మిగతా వెన్ను పూర్తిచేశాం. నడుం పైన చీము తెల్లగా, స్పష్టంగా కనిపించింది. సాయంత్రమే విజయవాడ పంపారు. ఆపరేషన్ అయింది.

ఒక్కరూ ఏమీ అనలేదు

మర్నాడు డాక్టరు గారు బరువు కాటా తెచ్చి తలుపు పక్కన పెట్టించారు. చలపతి గారిని ఏం అన్నారో నాకు తెలియదు. నేను మాత్రం అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎన్నాళ్లనుంచి సార్ ఇలా?"

"మొదట్నుంచీ" అన్నారు. "నాకు నేర్పినాయన ఇలాగే నేర్పాడు. ఇన్నేళ్లలో ఒక్కరూ ఏమీ అనలేదయ్యా."

"అనరు సార్. మనవాళ్లు అనరు."

ఆయన లేచి వెళ్లి తలుపు పక్కన కాటా సున్నాకి సరిచేశారు.

ఆ రోజునుంచి బయటికొచ్చిన ప్రతి మనిషినీ "ఎక్కడ వేడిగా అనిపించింది?" అని అడగడం మొదలుపెట్టాను. అంతవరకు "ఏమైనా ఇబ్బందా?" అంటే "అబ్బే, ఫర్వాలేదండీ" అనేవాళ్లే ఇప్పుడు చెప్పసాగారు. తొడలు ఒకదానికొకటి ఆనిన చోట అన్నారొకరు. భుజం గోడకి తగిలిన చోట అన్నారొకరు. జరీ అంచు జాకెట్టుతో లోపలికి వెళ్లిన ఒకావిడ, చెయ్యి చుట్టూ కాల్చినట్టుందని సిగ్గుపడుతూ చెప్పారు. జరీ కూడా లోహమేనన్న సంగతి నా జాబితాలో కూడా లేదు. కన్సోల్ గదిలో కూర్చుని ఇవన్నీ వింటున్న చలపతి గారి ముఖం నల్లబడుతూ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదన్న మాటకి అర్థం ఏమిటో ఆయనకి రోజుకి పదిసార్లు వినిపిస్తోంది. ఏమీ కాలేదని కాదు, మనం అడగలేదని.

ఆయన్ని చెడ్డవాడని నేను రాయను. కానీ తప్పుని తప్పనే రాస్తాను. మీకూ ఎవరో ఒకరు ఈ చిట్కా నేర్పుతారు. టీ ఊదుకుంటూ, నవ్వుతూ, జనం మీద జాలితోనే నేర్పుతారు. మెషీన్ ఆగి అడిగినప్పుడు అది మీ పని చెడగొట్టడం లేదు. పాదాలు తప్ప ఏమీ కనిపించని ఆ మనిషి తరఫున, ఆ గదిలో నోరున్నది దానికొక్కదానికే.

ఇంకా చాలా రాయొచ్చు. దుప్పటి కప్పమని ఇంటివాళ్లు బతిమాలితే ముందు జ్వరం చూడండి. వణికే మనిషిని వణుకు తగ్గించకుండా సొరంగంలోకి పంపకండి. దణ్ణం బయట పెట్టుకోమనండి, కావాలంటే మీరూ కలిసి పెట్టండి, తర్వాత చేతులు విడదీసి మెత్త పెట్టండి. కదలకూడదు అని చెప్పిన నోటితోనే, కాలితే కదలండి అని కూడా చెప్పండి. ఈ చివరిది చెప్పడానికి నాకు ఒక మనిషి వేళ్లు కావలసి వచ్చాయి.

గంట

ఆరు నెలలకి మంగమ్మ గారు చీము తగ్గిందో లేదో చూపించుకోవడానికి మళ్లీ వచ్చారు. నడిచి వచ్చారు. బెంచీ మీద నుంచి లేచి నాకు దణ్ణం పెట్టబోయి, సగంలో ఆగి, రెండు అరచేతుల మధ్య జానెడు ఎడం ఉంచి నవ్వారు.

"ఇక్కడ కలపకూడదు కదండీ!"

"బయట కలపొచ్చండీ" అన్నాను. వీర్రాజు గారు పకపకా నవ్వారు.

వేళ్లు చూపించమన్నాను. మానాయి. కుడి బొటనవేలి కొసకి మాత్రం స్పర్శ తెలియడం లేదు. షెడ్డులో ఇప్పుడు తొక్క తీసే బల్ల దగ్గర కాక, సైజుల వారీ ఏరే దగ్గర కూర్చుంటున్నారట. "అక్కడైతే కళ్లుంటే చాలండి, ఫర్వాలేదు" అన్నారు. ఆ ‘ఫర్వాలేదు’ దగ్గర నేను తల దించుకున్నాను.

కాటా ఎక్కించాను. నలభై ఆరు. చలపతి గారే కొట్టారు, కొట్టి స్క్రీన్ నా వైపు తిప్పారు. లోపల పడుకోబెట్టి, బంతి ఎడమ చేతిలో పెట్టి చెప్పాను: "చూడండి మంగమ్మ గారూ. ఏదైనా అనిపించగానే నొక్కాలి. ఊరికే నొక్కినా సరే, నేనేమీ అనను."

"ఊరికే ఎలా నొక్కుతానండీ, మీకు పనవుతుంది కదా."

"నా పనే అదండీ."

ఆవిడ పాదాలు సొరంగం చివర నిలిచాయి. స్కాన్ మొదలైంది. మొదటి సీక్వెన్స్ అయింది. రెండోది నడుస్తోంది. నేను స్క్రీన్ మీద బొమ్మ చూడడం లేదు. ఆ పాదాలే చూస్తున్నాను. ఈసారి కూడా ఓర్చుకుంటుంది, నొక్కదు, అనుకుంటున్నాను.

గంట మోగింది.

నేను ఉలిక్కిపడి లేచేలోపే చలపతి గారి చెయ్యి స్టాప్ మీద ఉంది. ఆయనే మైకు నొక్కారు.

"ఏమైందమ్మా?"

ఎవరి కొంపో ముంచుతున్నంత మొహమాటంగా, ఆవిడ గొంతు వచ్చింది.

"ఏం లేదండి... నడుం దగ్గర కొంచెం వేడిగా ఉందండి."

చలపతి గారు కుర్చీలోంచి లేచారు. తలుపు తీసుకుని, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, తనే లోపలికి వెళ్లారు.